ఒత్తులు కింది వరుసలోకి జారినప్పుడు

పెరంబూరు, చెన్నై

చిట్టితల్లీ,

నిన్న మీ అమ్మ ఫోనులో అంతా చెప్పింది. స్కూటర్ మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలి 3 వారాలైనా, కంప్యూటర్ ముందు పావుగంట కూర్చుంటే అక్షరాలు కదులుతున్నాయట, కడుపులో తిప్పుతోందట. స్కాన్ బాగుంది, కళ్ళజోళ్ళ దుకాణంలో చార్టు చివరి వరుస దాకా చదివావు, కాబట్టి ఇదంతా భయమేనని నీకు నువ్వే సర్దిచెప్పుకుంటున్నావట. భయం కాదమ్మా. పెద్ద అక్షరాలతో రాశాను, ఒక్క విడతలో చదవనక్కర్లేదు.

8 ఏళ్ళ క్రితం బస్సు ఒక్కసారిగా బ్రేకు వేసినప్పుడు నా తల ఇనుప కమ్మీకి కొట్టుకుంది. స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు. నాలుగో రోజు ప్రూఫులు దిద్దడానికి కూర్చుంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుళ్ళ మీదకి జారుతున్నాయి. ఒక 'క్ష' రెండయింది. 30 ఏళ్ళు అచ్చుతప్పులు పట్టుకున్న కళ్ళు, చదివిన వరుసనే మళ్ళీ చదువుతున్న సంగతి కూడా పట్టుకోలేకపోయాయి. మొదట వెళ్ళిన చోట చార్టు చదివించి, చూపు 6/6 ఉంది, మనసు ప్రశాంతంగా ఉంచుకోండి అని పంపేశారు. ఆ మాట నమ్మి 2 నెలలు పోగొట్టుకున్నాను. నువ్వు పోగొట్టుకోకూడదు.

ఆ చార్టు దూరాన నిలిచి ఉన్న అక్షరాన్ని ఒక్కో కన్ను గుర్తుపట్టగలదా అని మాత్రమే చూస్తుంది. చదవడానికి అది చాలదు. రెండు కళ్ళూ ముక్కువైపు తిరిగి ఒకేచోట కలవాలి. లోపలి కటకం దగ్గరి దూరానికి సర్దుకోవాలి. చూపు వరుస చివరి నుంచి తర్వాతి వరుస మొదటికి గురి తప్పకుండా దూకాలి, తల కదిలినా అక్షరం కదలకూడదు. ఇవన్నీ నడిపేది మెదడు. కంకషన్‌లో, అంటే తల అదిరి తగిలే దెబ్బలో, పాడయ్యేది దాని పనితీరు కనుక, మామూలు స్కాన్‌లో చాలాసార్లు ఏమీ కనబడదు. నాకు వచ్చింది కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ, అంటే దగ్గరి వస్తువు మీద రెండు కళ్ళూ కలవలేకపోవడం.

కాబట్టి బైనాక్యులర్ విజన్ పరీక్ష, అంటే రెండు కళ్ళూ కలిసి పనిచేస్తున్నాయా అని చూసే పరీక్ష, కావాలని పేరు పెట్టి అడుగు. శంకర నేత్రాలయలో దానికి క్లినిక్ ఉంది. వెళ్ళేలోపు ఒక పని చెయ్యి. అక్షరం రెండుగా కనబడినప్పుడు ఒక కన్ను మూసి చూడు. ఏ కన్ను మూసినా ఒకటిగా మారితే కళ్ళ పొత్తు కుదరడం లేదన్నమాట. మూసినా రెండుగానే ఉంటే కారణం వేరు. ఆ సంగతీ, ఎంతసేపటికి తలనొప్పి మొదలవుతోందన్నదీ కాగితం మీద రాసుకుని వెళ్ళు.

నాకు దారానికి 3 రంగుల పూసలు గుచ్చి ఇచ్చారు. ఒక కొస గుమ్మానికి కట్టి, రెండోది ముక్కు దగ్గర పట్టుకుని, ఒక్కో పూసనూ చూడాలి. చూస్తున్న పూస ఒకటిగా, దారం ఆ పూస దగ్గర కత్తెరలా అడ్డంగా కలిసినట్టు కనబడాలి. దగ్గరి పూస వారాల తరబడి నాకు రెండుగానే ఉండిపోయింది. కోపమొచ్చి దారం విసిరేసిన రోజులున్నాయి. ఇది విని నువ్వు ఇంట్లో మొదలుపెట్టకు. అందరిలోనూ లోపం ఒకటే కాదు, పరీక్ష చేసినవాళ్ళే చెప్పాలి.

కిటికీలన్నీ మూసేసిందట మీ అమ్మ. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి అవసరమే, ఇప్పుడు చీకటి గది వద్దు. ఇంట్లో కూడా నల్లద్దాలు పెట్టుకుంటే కళ్ళు చీకటికి అలవాటుపడి వెలుతురు మరింత గుచ్చుకుంటుంది. ఎండలోకి గొడుగు, టోపీ, చలువ అద్దాలు సరే. గదిలో దీపం ఫ్యాను రెక్కల పైన ఉంటే ఆ నీడ అల్లాడుతుంది, మార్పించు.

పనిలో, తలనొప్పి 15 నిమిషాలకు వస్తుంటే 10 నిమిషాలకే లేచి దూరంగా చూడు. కొంచెం బాధ పెరిగి త్వరగా తగ్గితే ఫరవాలేదు. గంట దాటినా తగ్గకపోతే ఆ రోజు ఎక్కువ చేశావని అర్థం. కంప్యూటర్‌లో అక్షరాలు పెద్దవి చేసుకో, తెర మీద వరుసలు కదులుతుండగా చదవకు. ఆఫీసుకు డాక్టరు చీటీ ఇచ్చి పని గంటలు తగ్గించమను. అడగడానికి మొహమాటపడకు తల్లీ, కాలు విరిగితే మొహమాటపడతావా? రెండుగా కనబడడం పోయేదాకా స్కూటర్ తీయకు. రంగనాథన్ వీధికి కూడా వెళ్ళకు. ఆ జనం, ఆ దీపాలు, ఆ వేలాడే చీరలు నన్ను రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడేలా చేశాయి.

తలనొప్పి రోజురోజుకీ పెరిగినా, వాంతులు ఆగకపోయినా, మత్తుగా ఉన్నా, ఒక కంటిపాప పెద్దదైనా, కంటి ముందు మెరుపులు గానీ తెర జారినట్టు గానీ కనబడినా, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ వాక్యం మీ అమ్మకు చదివి వినిపించు.

చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి నెలలు పడుతుంది. నాకు 7 నెలలు పట్టింది.

కవరులో నల్ల అట్ట ఒకటి పెట్టాను. మధ్యలో ఒక వరుస మాత్రమే కనబడేలా కోశాను, ఒత్తులకు కూడా చోటుంది. నేను మళ్ళీ ప్రూఫులు దిద్దింది దాంతోనే. పేజీ మీద పెట్టి మెల్లగా కిందికి జరుపుకుంటూ చదువు. ఆదివారం నేనే వస్తున్నాను, పూసల దారం కూడా తెస్తాను, పరీక్ష చేసినవాళ్ళు చెప్పాకే వాడుదువుగాని.

నీ పెద్దమ్మ