కొన్నారని రాశావు, వాళ్ళు తీసుకున్నది కౌలుకి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ మూడుసార్లు చదివాను. మొదటిసారి సగంలోనే పక్కన పెట్టేశాను, కోపం వచ్చి. ఆ ఇల్లాలు మొక్కజొన్న విత్తనాలు గౌను అంచులో కుట్టుకుని కొండ దాటే పేరా బాగుంది, అది అలాగే ఉంచు. నాకు కోపం తెప్పించిన వాక్యం మొదటి పేజీలోనే ఉంది. 1772లో, కొండలు దాటి వచ్చిన తెల్ల వలసదారు జేమ్స్ రాబర్ట్‌సన్ మనుషులు అమెరికాలో వటాగా నది ఒడ్డున "ఎవరిదీ కాని అడవిని కొనుక్కున్నారు" అని రాశావు. ఎవరిదీ కానిదైతే ఎవరి దగ్గర కొన్నారమ్మా? పైగా వాళ్ళు కొననే లేదు, కౌలుకి తీసుకున్నారు. అక్కడి మూలవాసులు చెరోకీల దగ్గర, పదేళ్ళ గడువుకి.

నువ్వు టెనెసీలో, ఆ నదికి గంట దూరంలో ఉంటున్నావు. నేను గోదావరి కాలవ గట్టు మీద ఉంటాను. అయినా నీ కథ వచ్చాక నెల రోజులు ఆ నది పారే కార్టర్ కౌంటీ పాత సంగతులే చదువుతూ కూర్చున్నాను, ఎందుకంటే కౌలు అన్న మాట కనబడితే నేను వదిలిపెట్టలేను. అది అడవి కూడా కాదు. ఇప్పుడు ఎలిజబెత్‌టన్ పట్టణం ఉన్న ఆ పల్లపు నేలని వచ్చినవాళ్ళే "పాత పొలాలు" అని పిలిచారు. అంతకు ముందెప్పుడో అక్కడివాళ్ళు చెట్లు కొట్టి చదును చేసి సాగు చేసిన నేల అది. నీ కథలో గొడ్డలి దెబ్బలకి ఒకటిన్నర పేజీ ఇచ్చావు, ఈ సంగతికి ఒక్క ముక్క ఇవ్వలేదు.

కౌలు ఎందుకైందో చూడు, కథంతా అక్కడే ఉంది. అపలాచియన్ కొండలకి పడమర ఎవరూ స్థిరపడకూడదని, అప్పట్లో ఇండియన్లనే పిలిచిన ఆ మూలవాసుల దగ్గర సొంతంగా భూమి కొనకూడదని 1763లోనే ఇంగ్లండు రాజు ఉత్తర్వు ఇచ్చాడు. 1769లో విలియం బీన్ అక్కడ గుడిసె వేశాడు, తర్వాత రాబర్ట్‌సన్ వచ్చాడు, వెనక చాలా కుటుంబాలు వచ్చాయి. తాము వర్జీనియా హద్దులోనే ఉన్నామనుకున్నారు. తీరా సర్వే గీత గీశాక చూస్తే చెరోకీల వైపు తేలారు. ఖాళీ చేసి పొమ్మని అలెగ్జాండర్ కామెరాన్ అనే ప్రభుత్వ ఏజెంటు హుకుం ఇచ్చాడు. కొనడానికి వీల్లేదు, పోవడానికి మనసు లేదు. కొనకూడదన్నారు గానీ కౌలుకి తీసుకోకూడదని ఎక్కడా అనలేదు కదా అని రాబర్ట్‌సన్, జాన్ బీన్ వెళ్ళి సరుకులిచ్చి పదేళ్ళకి మాట్లాడుకొచ్చారు.

1776లో వాళ్ళు నార్త్ కరొలైనాకి పెట్టుకున్న అర్జీ ఒకటుంది, వందకు పైగా సంతకాలతో. అది సంపాదించి చదువు. వెనక్కి పోవడం కష్టమైందని, పొలాల మీద పెట్టిన శ్రమ వదులుకోవడం ఇష్టం లేక కౌలు అడిగామని వాళ్ళే రాసుకున్నారు. ఆ కింది వాక్యం ఇంకా ముఖ్యం. గడువు తీరకముందే పెద్ద పెద్ద వాళ్ళు భూములు శాశ్వతంగా కొనేస్తున్నారని తెలిసి, ఆ దారి చూసి మేమూ రెండు వేల పౌన్లకి కొనేసుకున్నాం అంటారు. దస్తావేజులు రాసి పెట్టడానికి, అప్పులు ఎగ్గొట్టి వచ్చేవాళ్ళకి తమ చోటు ఆశ్రయం కాకుండా ఉండడానికి సొంత కోర్టు పెట్టుకున్నామని కూడా చెప్పుకున్నారు. ఆ కోర్టు నియమాల అసలు కాగితం ఈరోజు ఎక్కడా లేదు. ఈ అర్జీ మిగిలింది. నీ పాత్రలు ఏం మాట్లాడాలో అందులో ఉంది, నువ్వేమో వాళ్ళ చేత సూర్యోదయం గురించి మాట్లాడించావు.

మా నాన్న రెండెకరాలు కౌలుకి చేసేవాడు. రాత లేదు, నోటిమాటే. రాస్తే రేపు హక్కు అడుగుతాడేమోనని ఆసామి భయం. ప్రతి ఉగాదికీ అమ్మ వాళ్ళింటికి కబురు పంపేది, ఈ ఏడూ మాకేనా అని. ఆ జవాబు వచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ చేనులో ఒక మూల మెరకగా ఉండి నీళ్ళు ఎక్కేవి కావు. నాన్న పదకొండేళ్ళు వేసవి వేసవికీ తట్టలతో మట్టి మోసి దాన్ని దించాడు. చదునైన ఏడాదే ఆసామి చేను అమ్మేశాడు. తర్వాత చాలాకాలం నాన్న పొద్దున్నే ఆ గట్టు దాకా వెళ్ళి నిలబడి వచ్చేవాడు, చేతిలో ఆ మట్టి ఇంత నలుపుకుంటూ. అందుకే ఆ అర్జీలో శ్రమ వదులుకోవడం ఇష్టం లేక అన్నచోట నాకు కళ్ళు తడిశాయి. కానీ అక్కడే ఆగిపోలేం. మా నాన్నకి తుపాకీ లేదు. వటాగా కౌలుదారుకి ఉంది, అతని వెనక ఇంకా వస్తున్న బళ్ళున్నాయి. కౌలుదారు కొడుకుగా పుట్టి నేను మొదటిసారి భూమి ఇచ్చినవాడి వైపు నిలబడాల్సి వచ్చింది. నీ కథ చదివేవాడికి ఆ ఇబ్బంది కలగాలి.

ఈ సంగతి ఒక కథగా రాసి ముప్పై ఏళ్ళ కిందట ఒక వారపత్రికకి పంపాను. ఎకరానికి ఎన్ని బస్తాలు, ఎరువు ఖర్చు ఎవరిది, గడ్డి ఎవరికి అని నాన్నా ఆసామీ మాట్లాడుకునే భాగం మొత్తం ఎడిటర్ కొట్టేశాడు. ఇది లెక్కల పుస్తకం కాదని మార్జిన్‌లో రాశాడు. మిగిలింది అచ్చయింది, అందులో వాన, పచ్చని చేలు, కన్నీళ్ళు. పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు, నాకు మాత్రం నాన్న మొహం చూడడానికి సిగ్గేసింది. అప్పటినుంచి ఆ ఫ్యాషన్ పోలేదు, పల్లె అనగానే పొగమంచు, వలస అనగానే జ్ఞాపకాల మూట. బస్తాల లెక్క తీసేస్తే మా నాన్న ఎందుకు ఏడ్చాడో ఎవరికి అర్థమవుతుంది? కౌలు షరతులు కొట్టెయ్యమని నిన్ను ఎవరు అడిగినా ఒప్పుకోకు. ఆ పత్రిక వదులుకో, కథ వదులుకోకు.

నీకు దొరికిన మనుషుల్ని చూడు. చెరోకీల పెద్ద అట్టకుల్లకుల్ల, 1730లో కుర్రవాడిగా లండన్ వెళ్ళి రాజుని చూసొచ్చినవాడు, తెల్లవాళ్ళతో మాట్లాడి నెట్టుకురావాలని నమ్మినవాడు. అతని కొడుకు డ్రాగింగ్ కనూ. 1775 మార్చిలో వటాగా ఒడ్డున సికమోర్ షోల్స్ దగ్గర రిచర్డ్ హెండర్సన్ అనే వ్యాపారి సరుకుల గుట్టలు పెట్టి సుమారు రెండు కోట్ల ఎకరాలు రాయించుకున్నాడు. తండ్రి ఒప్పుకున్నాడు, కొడుకు ఒప్పుకోలేదు, లేచి వెళ్ళిపోయాడు. రెండు రోజులకి, మార్చి 19న, మన కౌలుదార్లు తాము ఉంటున్న నేల తమలో ఒకడైన చార్లెస్ రాబర్ట్‌సన్ పేర రాయించుకున్నారు. కౌలు గడువు 1782 దాకా ఉంది. 1776 జూలైలో చెరోకీ యోధులు ఆ ఊళ్ళ మీద పడ్డారు. విలియం బీన్ భార్య లిడియాని పట్టుకుపోయి కాల్చెయ్యబోతే, నాన్సీ వార్డ్ అనే చెరోకీ స్త్రీ అడ్డుపడి తన ఇంటికి తీసుకెళ్ళింది. కౌలుదారు పెళ్ళాం భూమి ఇచ్చినవాళ్ళ ఇంట్లో కొన్నాళ్ళుంది. ఆ రోజుల్లో ఇద్దరాడవాళ్ళూ పొయ్యి దగ్గర ఏం మాట్లాడుకుని ఉంటారో నువ్వు రాయగలవు. గౌను అంచులో విత్తనాలు కుట్టించిన చెయ్యి నీది.

పబ్లిషర్ సంగతి, ఉత్తమ పురుషలో రాయనా అన్న సంగతి అడిగావు. వాటి గురించి ఇప్పుడు నేనేం చెప్పను. ముందు ఆ మొదటి వాక్యం మార్చు, ఆ చెరోకీ తండ్రి వైపు నుంచి ఒకసారి, కొడుకు వైపు నుంచి ఒకసారి రాసి రెండూ పంపు. చెరోకీల ముఖ్యమైన ఊరు చోటా ఎక్కడుందో వెతుక్కుని వెళ్తానన్నావు, ఆ ఊరి నేల చాలామటుకు టెలికో డ్యాం నీళ్ళ కిందికి వెళ్ళిపోయింది, అక్కడ ఎక్కువ కనబడదు. సికమోర్ షోల్స్‌కే వెళ్ళు, అది ఇప్పుడు పార్కు. అక్కణ్ణించి డో నది వటాగాలో కలిసే చోటుకి నడువు. నేల కాస్త తడిగా ఉన్నప్పుడు వెళ్ళి, గుప్పెడు మట్టి తీసి నలిపి చూసి నాకు రాయి. ఎర్రగా ఉందా, నల్లగా ఉందా, ఇసక ఏమాత్రం కలిసింది?

ఉంటాను.