ఆదివారం పాటల గుంపు గురించి మేనకోడలికి

అమ్మడూ,

మీ రూములో ఆదివారం సాయంత్రాలు అందరూ కలిసి పాటలు వింటున్నారని, సినిమాలు చూసి కూర్చుని మాట్లాడుకుంటున్నారని తెలిసి సంతోషించాను. అప్పుడే గొడవలు కూడా మొదలయ్యాయని రాశావు. ఒకడు మెటల్ అనే హోరెత్తే రాక్ సంగీతం పెడితే ఒకమ్మాయి చెవులు మూసుకుందట, ఆ అమ్మాయి ఖయాల్ అనే హిందుస్తానీ గానం పెడితే వాడు ఫోన్ తీశాడట. ఇందులో వింతేం లేదు. మేం విజయనగరంలో ఫిల్మ్ సొసైటీ నడిపిన రోజుల్లోనూ బొమ్మ అయిపోగానే "బాగుంది", "బోరు" అంటూ రెండు పార్టీలు లేచేవి. ఆ రెండు మాటలూ అనేశాక ఇక మాట్లాడుకోవడానికి ఏముంటుంది? కాబట్టి బాగుందో లేదో ఆఖర్న చెప్పుకోండి. నీ మనసు ఎక్కడ అటు తిరిగింది, ఎక్కడ పారిపోయింది, ముందు అది చెప్పాలి. ఫలానా చోట అని చూపించి మరీ చెప్పాలి.

పాటల దగ్గర రాగాల పేర్లు తెలిసినవాళ్ళని కాసేపు ఊరుకోమను, నువ్వు కూడా. పేరు చెవిన పడగానే మిగతావాళ్ళు వినడం మానేసి తలూపుతారు. మాయాబజార్‌లోని 'లాహిరి లాహిరి లాహిరిలో' పెట్టండి, వెంటనే త్యాగరాజస్వామి 'నను పాలింప' వినండి, ఆ తర్వాత తెల్లవాళ్ళు కొత్త సంవత్సరం రాత్రి పాడుకునే స్కాట్లాండు పాట 'ఆల్డ్ లాంగ్ సైన్'. మూడింటికీ ఆధారం ఐదు స్వరాలే, స రి గ ప ద. మనం మోహన అంటాం, హిందుస్తానీ వాళ్ళు భూప్ అంటారు. చుట్టరికం ఎవరికైనా తోచిందేమో అడుగు. తోచకపోతే ఇంకా మంచిది, ఎందుకు తోచలేదో వెతకొచ్చు. స్కాట్లాండు పాటలో స్వరం నిటారుగా నిలబడుతుంది, కీర్తనలో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారుతుంది.

అమెరికా జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి పాట కూడా పెట్టి చూడు. బేస్ అనే మంద్రస్వరాల తీగవాద్యం ఒక మాట అంటుంది, పియానో రెండే రెండు కార్డ్స్‌తో, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులతో, బదులిస్తుంది, మన బుర్రకథలో వంతలు "తందాన తాన" అన్నట్టు. స్వరాలు మన ఖరహరప్రియ రాగానివే. అలాగని "ఇది ఖరహరప్రియేగా" అని తేల్చేసే పెద్దమనిషి మీలో ఒకడుంటాడు, వాణ్ణి ఆపు. స్వరాలు కలిసినంత మాత్రాన రాగం అయిపోదు, నడక కూడా కలవాలి.

మెటల్ పడనివాళ్ళు గొంతునీ గిటార్‌నీ వదిలేసి, బేస్ డ్రమ్ ఒక్కదాని వెంటే పోవాలి. ఖయాల్ పడనివాళ్ళు తబలా వెంట పోవాలి. విలంబిత ఏక్‌తాల్‌కి, అంటే నెమ్మదిగా నడిచే ఏక్‌తాల్ అనే తాళానికి, పన్నెండు మాత్రలు, అవి వేళ్ళమీద లెక్కపెడుతూ గాయకుడు తిరిగి సమ్ మీదికి, అంటే తాళం మొదటి దెబ్బకి, ఎలా వచ్చి చేరతాడో చూడాలి. బడే గులాం అలీ ఖాన్‌తో మొదలుపెట్టండి. మన హైదరాబాదుకి ఆయన పరాయివాడేం కాదు, 1968లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లోనే కన్నుమూశారు.

ఇక సినిమా. మీలో ఒకడు ప్రతిసారీ "చైతన్యం" అంటూ మొదలెట్టి అద్వైతానికీ, తాడు-పాముకీ వెళ్ళిపోతున్నాడన్నావు. వెళ్ళనీ, కానీ టీలయ్యాక. ముందు తెరమీద జరిగింది చూడమను. 1916లోనే, ఇంకా మూకీల కాలంలోనే, హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ అనే హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త సినిమా మీద ఒక పుస్తకం రాశాడు. లోపల మన ధ్యాస చేసే పనే తెరమీద క్లోజప్ చేస్తుందనీ, జ్ఞాపకం చేసే పని ఫ్లాష్‌బ్యాక్ చేస్తుందనీ అన్నాడు. సినిమానీ మనసునీ కలిపి మాట్లాడాలంటే ఇంతకంటే పనికొచ్చే మాట నాకు దొరకలేదు.

సత్యజిత్ రాయ్ తీసిన 1955 నాటి బెంగాలీ సినిమా 'పథేర్ పాంచాలి'లో ఒక్క సన్నివేశం చూస్తే చాలు. హరిహర్ చాన్నాళ్ళకి ఇంటికొచ్చి, తెచ్చిన సామాన్లు ఒక్కొక్కటీ తీస్తూ దుర్గ కోసం కొన్న చీర భార్య సర్వజయ చేతికిస్తాడు. కూతురు పోయిందని అతనికి తెలీదు. అంతదాకా బిగబట్టుకున్న సర్వజయ భోరుమంటుంది. ఏడుపు మాత్రం మనకి వినపడదు, దాని బదులు తార్ షెహనాయి అనే, కమానుతో వాయించే తీగవాద్యం పైస్థాయిలో మోగుతుంది. సంగీతం రవిశంకర్‌ది. ఆమె అరుపు స్పష్టంగా విన్నామని మా సొసైటీలో పందెం కాసినవాళ్ళున్నారు! మీవాళ్ళని కూడా ముందు ఏమీ చెప్పకుండా "ఏం వినపడింది?" అని అడుగు. తెరమీద లేని అరుపు ఎక్కడ పుట్టిందో తేల్చుకోవడానికే ఒక సాయంత్రం పడుతుంది. చైతన్యం కుర్రాడికి కూడా అప్పుడు చేతినిండా పని.

ఒకే ఘటనని నలుగురు నాలుగు రకాలుగా చెప్పే కురొసావా జపాన్ సినిమా 'రషోమాన్' చూసిన రోజున మాత్రం ఎవరూ నోరు విప్పకముందే, జరిగిన కథ తలా నాలుగు లైన్లు రాసి పెట్టండి. కాగితాలు పక్కపక్కన పెడితే మీరే ఇంకో సినిమా. మాయాబజార్‌లో, తెరిచినవాళ్ళకి ఇష్టమైనది చూపించే ప్రియదర్శిని పేటిక గుర్తుందిగా? బలరాముడు తెరిస్తే దుర్యోధనుడు, రేవతి తెరిస్తే నగలు, కృష్ణుడు తెరిస్తే శకుని. ఎవరికి ఏం కనపడిందన్న దానిమీద తగువులాడకండి. "ఎక్కడ?" అని అడిగి, అక్కడికి వెనక్కి జరిపి అందరూ ఇంకోసారి చూడండి.

ఫోన్లు పక్కగదిలో పెట్టించు. మెటల్ కుర్రాణ్ణి మాత్రం మానెయ్యనివ్వకు. వాడు ఈసారి పెట్టే పాట పేరు నాకూ పంపించు, ఆ డ్రమ్ సంగతేమిటో నేనూ చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య