డాలస్‌లో హాకీ చూడబోయే కొత్తవారికి: గోల్ ఎప్పుడు ఖాయమవుతుంది?

ఆఫీసులో వాళ్లు ఐస్ హాకీ మ్యాచ్‌కి రమ్మంటున్నారు, గోల్ పడ్డాక కూడా అది చెల్లుతుందా లేదా అని ఆట ఆపి చూస్తారట, వెళితే ఏమైనా అర్థమవుతుందా అని డాలస్‌కు కొత్తగా వచ్చినవారు అడుగుతుంటారు. తప్పకుండా వెళ్లండి. నియమావళి అంతా ముందే చదువుకోనక్కర్లేదు. వివాదాలకు దారితీసిన మూడు నాలుగు గోల్స్ కథ తెలిస్తే చాలు, ఇప్పటి నియమాల్లో ముఖ్యమైనవి కొన్ని వాటి నుంచే పుట్టాయి.

మన ఊరి స్టార్స్ జట్టు గెలిచిన ఏకైక స్టాన్లీ కప్ (నేషనల్ హాకీ లీగ్ విజేతకు ఇచ్చే కప్పు) అటువంటి గోల్‌తోనే దక్కింది. 1999 జూన్‌లో బఫెలో జట్టుతో ఆ ఊళ్లోనే జరిగిన ఫైనల్ (ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవారిదే కప్) ఆరో మ్యాచ్ మూడో ఓవర్‌టైమ్ దాకా సాగి, అర్ధరాత్రి దాటాక మన ఆటగాడు బ్రెట్ హల్ కొట్టిన గోల్‌తో 2-1గా ముగిసింది. గోల్ ముందు నీలం రంగు వేసిన జాగాను క్రీజ్ అంటారు. పక్ (ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) కంటే ముందు దాడిచేసే ఆటగాడి కాలు అందులో పడితే గోల్ చెల్లదని అప్పటి నియమం. బొటనవేలంత మేర స్కేటు లోపలికి వెళ్లిందని ఆ సీజన్‌లో గోల్స్ రద్దయ్యాయి కూడా. హల్ తొలి ప్రయత్నాన్ని గోల్‌కీపర్ డొమినిక్ హాషెక్ ఆపగా, తిరిగొచ్చిన పక్‌ను హల్ ఎడమ స్కేటుతో తన కర్రకు అందించుకుని మళ్లీ కొట్టాడు. ఆ క్షణంలో ఎడమ స్కేటు క్రీజ్‌లోనూ, పక్ బయటా ఉన్నాయి. పక్ అతని అదుపులోనే ఉంది కనుక గోల్ చెల్లుతుందని లీగ్ తేల్చింది. మరుసటి సీజన్‌కు ఆ నియమాన్నే తీసేసి, గోల్‌కీపర్‌కు ఆటంకం కలిగిందా లేదా అన్నదే ప్రమాణంగా పెట్టింది. నేను స్టార్స్ అభిమానిని, ఆ కప్ మనదేనని నమ్ముతాను. అయినా బఫెలోవారి బాధ న్యాయమైనదే. మీ సహోద్యోగుల్లో ఎవరైనా ఆ ఊరివారైతే ఈ విషయంలో వారిని ఆటపట్టించకండి.

రెండో కథ 2004 ఫైనల్‌ది. ఆరో మ్యాచ్‌లో స్కోరు 2-2గా ఉండగా, గెలిస్తే కప్ దక్కే స్థితిలో ఉన్న కాల్గరీ ఆటగాడు మార్టిన్ జెలినా స్కేటుకు తగిలిన పక్‌ను టాంపా గోల్‌కీపర్ కాలితో అడ్డుకున్నాడు. పక్ అప్పటికే గీత దాటిందని కాల్గరీవారు ఇప్పటికీ అంటారు. పక్ మొత్తంగా గీత దాటితేనే గోల్. వీడియోలో గీతకూ పక్‌కూ మధ్య తెల్లని మంచు కనిపించినా, పక్ గాలిలో ఉన్నప్పుడు పక్కనుంచి చూసే కెమెరాకు అది ఉన్నచోటు కంటే లోపలికి పోయినట్టు కనిపించవచ్చు. క్రికెట్‌లో అంపైర్స్ కాల్ వంటిదే ఇక్కడా ఉంది: వీడియో స్పష్టంగా కాదనకపోతే మంచుమీద ఇచ్చిన నిర్ణయమే నిలుస్తుంది. కాల్గరీ ఆ మ్యాచ్‌నూ, తర్వాత ఏడో మ్యాచ్‌నూ ఓడిపోయింది.

2013లో కొలరాడో ఆటగాడు మాట్ డుషేన్ బాగా ఆఫ్‌సైడ్‌లో ఉండి (అంటే పక్ కంటే ముందే ప్రత్యర్థి వైపు నీలిగీత దాటేసి) కొట్టిన గోల్ చెల్లిపోవడంతో గగ్గోలు పుట్టి, 2015-16 సీజన్ నుంచి కోచ్ ఛాలెంజ్, అంటే నిర్ణయాన్ని వీడియోలో మళ్లీ చూడమని కోచ్ అడిగే హక్కు, వచ్చింది. కోచ్‌లు ప్రతి చిన్నదానికీ ఆట ఆపించడం మొదలుపెట్టేసరికి, 2017 నుంచి ఆఫ్‌సైడ్ ఛాలెంజ్ తప్పితే రెండు నిమిషాల పెనాల్టీ (అంతసేపు ఒక ఆటగాడు తక్కువగా ఆడాలి) వేశారు. 2019 ప్లేఆఫ్స్‌లో శాన్ హోసే జట్టు చేతితో అందించుకున్న పక్‌తో ఓవర్‌టైమ్ గోల్ కొట్టి గెలిచాక, అలాంటి తప్పిదాలను కూడా ఛాలెంజ్ పరిధిలోకి తెచ్చారు. ఇప్పుడు ఛాలెంజ్ రెండోసారి తప్పితే నాలుగు నిమిషాల పెనాల్టీ. 2020-21 నుంచి ఆఫ్‌సైడ్ కాకుండా ఉండటానికి స్కేటు నీలిగీతను తాకి ఉండనక్కర్లేదు, గీత మీదుగా గాలిలో ఉన్నా సరిపోతుంది. ఈ మార్పు నాకెంతో నచ్చింది, ఎందుకంటే స్కేటు అంగుళం లేచిందా లేదా అని గుడ్లప్పగించి చూడటంలో ఆట ఏమీ లేదు.

కనుక మైదానంలో హారన్ మోగగానే గోల్ ఖాయమనుకోకండి. రిఫరీ హెడ్‌సెట్ పెట్టుకుంటే టొరంటోలోని లీగ్ వీడియో గదితో మాట్లాడుతున్నాడన్నమాట. మైకులో నిర్ణయం చెప్పి, పక్‌ను మధ్యలో వేసి ఆట మొదలుపెట్టాకే స్కోరు నిలుస్తుంది. ఆ విరామంలోనే పక్కసీటువారిని "క్రీజ్ గురించా, ఆఫ్‌సైడ్ గురించా?" అని అడగండి, ఎంతో ఇష్టంగా వివరిస్తారు. మీ పిల్లలను స్థానిక రింక్‌లో చేర్పిస్తే మాత్రం అక్కడ సాధారణంగా వీడియో ఉండదు, రిఫరీ చెప్పిందే తుది మాట. అద్దం అవతల నిలబడి కేకలు వేసే తల్లిదండ్రుల్లో మీరు చేరకండి. సందేహముంటే ఆట అయ్యాక కోచ్‌ను అడగండి.