మునగాకు సారం: నీళ్లలోనా, ఇథనాల్‌లోనా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మునగాకు పొడిని హెక్సేన్, ఇథైల్ అసిటేట్, 70 శాతం ఇథనాల్, నీళ్లలో విడివిడిగా 24 గంటలు నానబెట్టాను. డీపీపీహెచ్ పరీక్షలో (ఊదా రంగు ద్రవం ఎంత వెలిసిపోతే సారానికి అంత యాంటీఆక్సిడెంట్ బలం ఉన్నట్టు) ఇథనాల్ సారమే ముందుంది. నీటి సారం కలిపితే ట్యూబు మసకబారుతోంది, రీడింగు నిలవడం లేదు. నీటి సారానికి బలం లేదని రాసేయవచ్చా?
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: అప్పుడే రాయకండి. ఇథనాల్ ముందుండటంలో వింత లేదు. మునగాకులో యాంటీఆక్సిడెంట్ పని ఎక్కువగా చేసేవి క్లోరోజెనిక్ ఆమ్లం, చక్కెర అతుక్కుని ఉన్న క్వెర్సెటిన్, కెంఫెరాల్ ఫ్లేవనాయిడ్లు. వీటిలో చక్కెర భాగం నీటిలో కరుగుతుంది, మిగతా భాగానికి ఆల్కహాల్ నప్పుతుంది. పైగా నీళ్లు ఎండిన ఆకు కణాలను ఉబ్బిస్తే ఆల్కహాల్ లోపలికి చొరబడుతుంది. అందుకే ఆకుల్లోని ఇలాంటి పదార్థాలకు, అంటే ఫినాలిక్స్ (ఫినాల్స్)కు, శుద్ధ ఇథనాల్ కన్నా 50-80 శాతం మిశ్రమమే సాధారణంగా మెరుగు. 95 శాతం స్పిరిట్ నుంచి 70 శాతం కావాలంటే 737 మి.లీ. కొలిచి, లీటరు గీత దాకా నీళ్లు పోయాలి. రెండూ కలిస్తే ఘనపరిమాణం కాస్త తగ్గుతుంది కనుక 263 మి.లీ. నీళ్లని లెక్కగట్టి పోస్తే గీత అందదు.

ఇక మసక సంగతి. నీటి సారంలో ప్రొటీన్లు, జిగురు కూడా దిగుతాయి. అవి డీపీపీహెచ్‌లోని మెథనాల్ తగలగానే విరిగిపోతాయి. ఆ మసక 517 నానోమీటర్ల దగ్గర కాంతిని అడ్డుకుంటే అబ్జార్బెన్స్ (ఆగిపోయిన కాంతి కొలత) ఎక్కువ చూపిస్తుంది, రంగు వెలవనట్టే లెక్క, అంటే మీ సారం ఉన్నదానికన్నా బలహీనంగా కనిపిస్తుంది. ఎండిన నీటి సారాన్ని 50 శాతం మెథనాల్‌లో కరిగించి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరుకున్నదే వాడండి. ప్రతి గాఢతకూ డీపీపీహెచ్ లేకుండా సారం, మెథనాల్ మాత్రమే కలిపిన బ్లాంక్ పెట్టి దాని రీడింగును అసలు రీడింగులోంచి తీసేయాలి. డీపీపీహెచ్ 0.1 మిల్లీమోలార్, అంటే 100 మి.లీ. మెథనాల్‌లో 3.94 మి.గ్రా.; ఏ రోజుకారోజు తాజాగా కలిపి, సారం చేర్చాక 30 నిమిషాలు చీకట్లో ఉంచండి. హెక్సేన్ సారానిది ఇంకో ఇబ్బంది: మెథనాల్‌లో సరిగ్గా కరగదు, కాబట్టి అందులోని కెరోటిన్, టోకోఫెరాల్‌కు ఈ పరీక్షలో న్యాయం జరగదు.

చల్లటి నీళ్లలో 24 గంటలు నానబెట్టడమే అసలు పొరపాటు. ఆకులోని పాలీఫినాల్ ఆక్సిడేజ్ ఎంజైమును ఆ నీళ్లు ఆపలేవు, అది ఫినాల్స్‌ను తినేస్తుంది. పైగా గుంటూరు ఎండల్లో పులుపెక్కుతుంది కూడా. 10 గ్రాముల పొడికి 200 మి.లీ. మరుగుతున్న నీళ్లు పోసి, 15-20 నిమిషాలు మూతపెట్టి, వడకట్టండి. కషాయానికి దగ్గరగా ఉండేదీ ఇదే.

ఫలితాన్ని గ్రాము సారానికే కాక గ్రాము ఆకుకు కూడా లెక్కగట్టండి. ఉదాహరణకు ఒక సారం గ్రాముకు 100 మి.గ్రా. ఫినాల్స్ ఇచ్చినా, గ్రాము ఆకు నుంచి 0.1 గ్రాము సారమే వస్తే దక్కేది 10 మి.గ్రా. గ్రాముకు 60 మి.గ్రా. మాత్రమే ఉన్న సారం 0.25 గ్రాములు వస్తే 15 మి.గ్రా. వరుస తిరగబడింది చూశారా! చాలా థీసిస్‌లలో ఈ రెండో లెక్క కనిపించదు.

ప్రశ్న: ఫోలిన్ పరీక్షలో (మొత్తం ఫినాల్స్‌ను నీలి రంగుతో కొలిచేది) నీటి సారానికి ఫినాల్స్ బాగా ఎక్కువ వచ్చాయి, డీపీపీహెచ్‌లో మాత్రం తక్కువ. ఏది నమ్మాలి?
- ఒక పరిశోధక విద్యార్థి, వరంగల్

జవాబు: ఫోలిన్ కారకం ఫినాల్స్‌తోనే ఆగదు. విటమిన్ సి, క్షయకరణ చక్కెరలు, ప్రొటీన్లలోని టైరోసిన్ కూడా దాన్ని నీలం చేస్తాయి, అవన్నీ నీటి సారంలో దండిగా ఉంటాయి. మసక తీసేశాక కూడా తేడా నిలిస్తే ఫోలిన్ అంకెను పై హద్దుగానే చూడండి.

ప్రశ్న: మునగాకు పొడిని స్పిరిట్‌లో నానబెట్టి ఇంట్లో తాగవచ్చా?
- ఒక గృహిణి, కాకినాడ

జవాబు: వద్దు. బయట దొరికే డీనేచర్డ్ స్పిరిట్‌లో (తాగడానికి పనికిరాకుండా చేసినది) మెథనాల్ కలిసి ఉండవచ్చు, అది కంటిచూపు తీస్తుంది, ప్రాణమూ తీస్తుంది. ల్యాబులో మెథనాల్‌తో తీసిన సారం కూడా పరీక్షకే గానీ నోటికి కాదు. మీకు పప్పులో వేసి నూనె తాలింపు పెట్టడమే మేలు. కెరోటిన్ ఒంటబట్టాలంటే ఆ నూనె కావాలి.