రెండు రోజుల హైదరాబాద్: శుక్రవారం పాతబస్తీ వద్దన్నా

అన్నా, చిత్తూరులో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి శుక్రవారం తెల్లారి కాచిగూడలో దిగి, ఆ రోజే పాతబస్తీ, శనివారం గోల్కొండ అని మీ ప్లాన్‌లో రాశారు. ఈ రెండూ తారుమారు చేయండి. పాతబస్తీలోని సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కీ శుక్రవారమే సెలవు. పైగా మధ్యాహ్నం మక్కామసీదులో నమాజు, చార్మినార్ దగ్గర ఆటో కదలదు.

శుక్రవారం లగేజీ రూములో పెట్టి, ఎండ ముదరకముందే గోల్కొండ చేరండి. పైన కోట కొసనున్న బాలాహిస్సార్ మండపం దాకా మెట్లు మూడు వందలు దాటుతాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మను ఎక్కించొద్దు. కింద కోట ప్రవేశద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైకి వినిపించే వింత ఆమెకు చాలు. సాయంత్రం హుస్సేన్‌సాగర్.

శనివారం పది గంటలకు సాలార్‌జంగ్. పన్నెండుకు పది నిమిషాల ముందే సంగీత గడియారం ముందు చోటు పట్టుకోండి; బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలూ కొట్టేది అప్పుడే, పిల్లలకు అదే పండగ. తర్వాత చార్మినార్, గాజులమ్మే లాడ్‌బజార్ మీదుగా నడిచి చౌమహల్లా.

మీ ప్లాన్‌లో రాసిన రామోజీ ఫిలింసిటీ మాత్రం తీసేయండి. దానికొక్కదానికే పూర్తి రోజు కావాలి.