పాఠకుల ప్రశ్నలు: ట్యాబ్ పక్కన పెట్టి, చెవితో గిటార్

ప్రశ్న (గుంటూరు): డీప్ పర్పుల్ ‘స్మోక్ ఆన్ ద వాటర్’ రిఫ్‌ని (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరస) ఇంటర్నెట్‌లో దొరికిన ట్యాబ్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్, అంటే ఏ మెట్టు నొక్కాలో అంకెల్లో చూపే రాత) చూసి వాయిస్తున్నాను. స్వరాలు సరిగ్గానే ఉన్నాయి, అయినా రికార్డులోలా లేదు, మొద్దుగా ఉంది. లోపం ఎక్కడ? చెవితో పట్టుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మీ ట్యాబ్‌లో బహుశా ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) మూడో ఫ్రెట్ దగ్గర మొదలయ్యే పవర్ కార్డులు (స-ప జతలు) ఉండి ఉంటాయి. చాలామంది అలాగే వాయిస్తారు. కానీ 1972 నాటి ‘మెషీన్ హెడ్’ ఆల్బమ్‌లో రిచీ బ్లాక్‌మోర్ వాయించింది అది కాదు. పవర్ కార్డులో జి స్వరం కింద, డి స్వరం పైన ఉంటాయి. ఆయన జతలో డి కింద, జి పైన. మన లెక్కలో చెప్పాలంటే అది స-ప కాదు, మంద్ర ప-స. పైగా పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) వాడకుండా రెండు తీగల్నీ వేళ్లతో ఒకేసారి మీటుతారు. పిక్‌తో కొడితే ఒక తీగ ముందు, రెండోది వెంట్రుకవాసి ఆలస్యంగా మోగుతాయి. మీకు మొద్దుగా అనిపిస్తున్నదానిలో సగం ఇదే.

నాలుగో తీగ, మూడో తీగ తీసుకోండి. రెండూ ఖాళీగా, తర్వాత రెండూ మూడో ఫ్రెట్, తర్వాత ఐదు. రెండో విడత 0 (ఖాళీ తీగ), 3, 6, 5. చివర 0, 3, 5, 3, 0. బొటనవేలు నాలుగో తీగకి, చూపుడువేలు మూడో తీగకి.

మరి ఇంతమంది చెవులు ఎందుకు మోసపోయాయి? డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే అమరిక) ఉన్న యాంప్‌లోకి రెండు స్వరాలు కలిసి వెళ్తే, వాటి తేడాకి సమానమైన మూడో స్వరం పుడుతుంది. ఆ డి 147 హెర్ట్జ్, జి 196. తేడా 49, అంటే అదే జి, రెండు స్థాయిలు కింద. ఎవరూ మీటని షడ్జం అడుగున మోగుతుంటే, జి కిందే ఉందని చెవి నమ్మేస్తుంది. దీన్ని పట్టుకోవాలంటే యాంప్‌ని క్లీన్‌లో (డిస్టార్షన్ లేకుండా) పెట్టి రెండు రకాలుగానూ వాయించి, రికార్డుతో పోల్చండి. మొదటి విడత రిఫ్‌లో గిటార్ ఒక్కటే ఉంటుంది. ఆ తర్వాత జాన్ లార్డ్ ఆర్గన్ కూడా అదే రిఫ్‌ని మోస్తుంది కాబట్టి అక్కడ పోలిస్తే ఏది ఎవరిదో తేలదు.

ఇక మొదలుపెట్టే పద్ధతి. గిటార్ ముట్టుకోకుండా రిఫ్‌ని నోటితో పాడగలిగేదాకా వినండి. పాడలేనిది చేతికి రాదు. తర్వాత పాట ఎక్కడ విశ్రాంతి తీసుకుంటోందో ఆ స్వరం, అంటే ‘స’ పట్టుకోండి. బేస్ గిటార్ ఎక్కువసార్లు దాని మీదే వాలుతుంది. అప్పుడు రిఫ్ మొత్తాన్ని ఒక్క తీగ మీదే వెతకండి. ఒక్క తీగ మీదైతే పైకి వెళ్తోందా, కిందికి వస్తోందా, ఎన్ని ఫ్రెట్లు అన్నది కంటికి కూడా కనిపిస్తుంది. ఏ తీగ మీద వాయించారన్నది ఆఖరి ప్రశ్న. ఖాళీ తీగ మెరుపుగా మోగుతుంది, చేత్తో ఆపేదాకా సాగుతుంది. అదే స్వరం నొక్కి వాయిస్తే కాస్త గుండ్రంగా ఉంటుంది, వేలు ఎత్తగానే ఆగిపోతుంది.

ప్రశ్న (హైదరాబాద్): ట్యూనర్‌తో శ్రుతి చేసుకున్నా హెండ్రిక్స్ ‘లిటిల్ వింగ్’తో కలవడం లేదు. రోలింగ్ స్టోన్స్ పాటల్లో స్వరాలు దొరుకుతున్నాయి గానీ వేళ్లు అందడం లేదు.

జవాబు: రెండూ ట్యూనింగ్ సమస్యలే. 1967లో వచ్చిన ‘లిటిల్ వింగ్’లో ఆరు తీగలూ అర స్వరం దించి ఉన్నాయి. ‘ఈ’ మైనర్ కార్డుకి పెట్టే వేళ్లు పెడితే ‘ఈ ఫ్లాట్’ మైనర్ పలుకుతుంది. హెండ్రిక్స్ అంటే అర స్వరం దించడమే అని సూత్రం పెట్టుకోకండి. అదే ఏడాది వచ్చిన ‘పర్పుల్ హేజ్’ మామూలు శ్రుతిలోనే ఉంది. ప్రతి పాటనీ విడిగా చూసుకోవాలి. శ్రుతి కుదిరాక కూడా ‘లిటిల్ వింగ్’ చిక్కుల్లో పెడితే బారె కార్డులు (చూపుడువేలు తీగలన్నిటి మీదా అడ్డంగా వేసేవి) మానేయండి. ఆయన ఆరో తీగని బొటనవేలితో పైనుంచి నొక్కుతారు. అలా మిగిలిన వేళ్లు ఖాళీ అయితేనే ఆ చిన్న చిన్న అలంకారాలన్నీ వీలవుతాయి.

శ్రుతి దించారో లేదో తెలుసుకోవడానికి పాటలో గిటార్ వాయించిన అతి కింది స్వరం వెతకండి. బేస్ గిటార్‌ది కాదు సుమా. మామూలు శ్రుతిలో ఆరో తీగ 82 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంతకన్నా కిందికి వెళ్తే దించినట్టే. బ్లాక్ సబ్బాత్ 1971 ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో కొన్ని పాటలు ఒకటిన్నర స్వరం కింద ఉన్నాయి. ఆ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీది ఎడమచేతి వాటం. ఫ్యాక్టరీ ప్రమాదంలో కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు పోయాయి, ఫ్రెట్లు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నారు. వదులైన తీగలు ఆ వేళ్లకి సుఖం.

స్టోన్స్ దగ్గర సంగతి వేరు. వేళ్లు అందకపోతే చేతిని తిట్టుకునే ముందు ట్యూనింగ్‌ని అనుమానించండి. కీత్ రిచర్డ్స్ చాలా పాటల్లో ఆరో తీగ తీసేసి, ఐదు తీగల్ని కిందినుంచి జి డి జి బి డి అని కడతారు. మీరు చేయాల్సింది తక్కువే: ఐదో తీగని, ఒకటో తీగని ఒక్కో స్వరం దించండి, ఆరో తీగని ముట్టుకోకండి. 1981 నాటి ‘స్టార్ట్ మీ అప్’ తీసుకోండి. ఐదో ఫ్రెట్ మీద చూపుడువేలు అడ్డంగా వేస్తే సి కార్డు. అది తీయకుండానే రెండో తీగ ఆరో ఫ్రెట్, నాలుగో తీగ ఏడో ఫ్రెట్ నొక్కితే ఎఫ్ వాసన వస్తుంది. రెండు వేళ్లు పెట్టడం, ఎత్తడం, అంతే పాట. దీన్నే మామూలు శ్రుతిలో చేయబోతే వేళ్లు పెనవేసుకుంటాయి.

కొన్నిసార్లు పాట ఏ శ్రుతికీ చెందకుండా రెండు ఫ్రెట్ల మధ్య ఉంటుంది. టేపు వేగం మార్చిన రికార్డులు ఉన్నాయి, వేగం మార్చి ఎక్కించిన వీడియోలూ ఉన్నాయి. సాగే బేస్ స్వరాన్ని ట్యూనర్‌కి వినిపించండి. ముప్పై సెంట్లు (ఒక ఫ్రెట్ దూరంలో నూరోవంతు ఒక సెంటు) తేడా ఉందనుకోండి, గిటార్ జోలికి పోకుండా ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో పాట శ్రుతిని అంత మేర జరపండి.

ప్రశ్న (డాలస్): చిన్నప్పుడు వీణ నేర్చుకున్నాను. రాక్ సోలోలు వింటే స్వరాలు గుర్తుపట్టగలను గానీ, గిటార్ మీద వాయిస్తే పేలవంగా ఉంటున్నాయి.

జవాబు: మీ దగ్గర అసలు సరుకు ఉంది. మైనర్ పెంటటానిక్ అని గిటార్ పుస్తకాలు చెప్పేది మీ శుద్ధ ధన్యాసి స్వరాలే, స గ మ ప ని. మేజర్ పెంటటానిక్ అంటే మోహన. పైన గుంటూరు పాఠకుడికి చెప్పిన రిఫ్‌ని స గ మ, స గ మ మ, స గ మ గ స అని పాడండి, రెండో విడతలో మొదటి ‘మ’ ప్రతి మధ్యమం, రెండోది శుద్ధం. ఫ్రెట్ల అంకెలకన్నా ఇది గుర్తుంటుంది.

పేలవంగా ఉండటానికి కారణం బహుశా బెండ్. తీగ లాగడం మీకు కొత్త కాదు, వీణ మీద మెట్టు దగ్గర చేసేదే. తేడా రెండు చోట్ల. ఒకటి, వీణ మీద లాగి వెంటనే కదిలిపోతారు. ఇక్కడ లాగినచోట నిలబడాలి, నిలబడి ఊపాలి. రెండోది కొలత. ‘ఏ’ని ‘స’ అనుకుంటే, మూడో తీగ ఏడో ఫ్రెట్ ‘మ’. దాన్ని ‘ప’ దాకా లాగాలి. సరిగ్గా చేరిందో లేదో రెండో తీగ ఐదో ఫ్రెట్ చెబుతుంది, రెండూ కలిపి మోగించండి. తక్కువైతే స్వరాలు కొట్టుకుంటున్నట్టు అల వినిపిస్తుంది. అల నెమ్మదించి ఆగేదాకా లాగాలి. ఒక్క వేలితో లాగకండి. ఉంగరపువేలి వెనక మధ్యవేలు, చూపుడువేలు కూడా అదే తీగ మీద ఉండాలి, బలం వేళ్లనుంచి కాక మణికట్టు తిప్పడంలోంచి రావాలి. తీగలు 10 సైజువైతే ఇంకా సన్నవైన 9కి మారండి.

అదే తీగ ఐదో ఫ్రెట్ ‘గ’. బ్లూస్ నుంచి వచ్చిన వాద్యకారులు దీన్ని సాధారణ గాంధారం దగ్గర వదిలేయరు, అర స్వరం పైనున్న అంతర గాంధారం దాకా తీసుకెళ్లరు. మధ్యలో ఎక్కడో వంచుతారు. ట్యాబ్‌లో పావు బెండ్ అని రాస్తారు గానీ, ఎంత వంచాలన్నది చెవే చెప్పాలి.

మరో సంగతి, ‘స’ మారినప్పుడు గమనించండి. పింక్ ఫ్లాయిడ్ ‘కంఫర్టబ్లీ నమ్’ (1979)లో డేవిడ్ గిల్మర్ మొదటి సోలో డి మేజర్, రెండోది బి మైనర్. రెండు స్కేళ్లలోని స్వరాలు అవే. ‘స’ గమనించకుండా వాయిస్తే రెండో సోలో బరువు పోతుంది. లెడ్ జెప్లిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ ‘స్టెయిర్‌వే టు హెవెన్’ (1971) సోలోలో కింద ఎఫ్ కార్డు వచ్చినప్పుడు ఎఫ్ స్వరాన్ని తాకుతారు. శుద్ధ ధన్యాసిలో లేని శుద్ధ ధైవతం అది. ఆ ఒక్క స్వరం వదిలేస్తే సోలో అందరూ వాయించే పెంటటానిక్‌లా తయారవుతుంది. ఇంకో మాట: ఆ సోలో టెలికాస్టర్ గిటార్‌తో వాయించింది. లెస్ పాల్ గిటార్ లేదని బాధపడక్కర్లేదు.

ప్రశ్న (విశాఖపట్నం): వేగం తగ్గించి వినడం మంచిదేనా?

జవాబు: మంచిదే. 75 శాతం దగ్గర మొదలుపెట్టండి. 50 కిందికి వెళ్తే పిక్ దెబ్బ అరిగిపోయి, స్వరం మీటారో, హామర్ చేశారో (మీటకుండా వేలితో ఫ్రెట్ మీద కొట్టి పలికించారో) తెలియదు. బేస్ వినిపించకపోతే శ్రుతిని ఒక స్థాయి పెంచండి. రెండు గిటార్లు ఉన్న బ్యాండు అయితే ఇయర్‌ఫోన్ ఒకవైపు తీసేయండి. ఏసీ/డీసీ పాత రికార్డుల్లో యంగ్ సోదరులు మాల్కం, ఆంగస్ ఇద్దరి గిటార్లూ చెరోవైపు ఉంటాయి, సగం పని అక్కడే అయిపోతుంది.

ప్రశ్న (వరంగల్): ముందు ఎవర్ని నేర్చుకోవాలి?

జవాబు: సోలోల వైపు పరుగెత్తకండి, మాల్కం యంగ్ దగ్గర మొదలుపెట్టండి. ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ (1980) ముఖ్య రిఫ్‌లో ‘ఈ’, ‘డి’, ‘ఏ’ కార్డులు, అంతే. వాయించి చూస్తే బురదలా వినిపిస్తుంది. గెయిన్ (యాంప్‌లో డిస్టార్షన్ మోతాదు) ఎక్కువ పెట్టి ఉంటారు, సగానికి తగ్గించండి. దెబ్బకీ దెబ్బకీ మధ్య నిశ్శబ్దం ఉంది. అక్కడ ఎడమచెయ్యి వదులు చేయాలి, కుడి అరచెయ్యి తీగల మీద ఆన్చాలి. ఒకటి మరిచినా ఏదో తీగ గుంయ్‌మంటుంది. అది కుదిరాక చక్ బెర్రీ ‘జానీ బి. గుడ్’ (1958). బి ఫ్లాట్‌లో ఉంది కాబట్టి ఆరో ఫ్రెట్ దగ్గర చెయ్యి పెట్టండి. అక్కడ రెండేసి తీగలు కలిపి కొట్టేవే ఎక్కువ, ఒక్కో స్వరంగా విడదీసి వెతికితే దొరకవు.