చేతి తుపాకీ వేటకు సీసం లేని తూటా ఏది మేలు?
కాలిఫోర్నియాలో అనుమతితో రివాల్వరు పట్టి వేటాడే తమ అన్నయ్యకు ఏ తూటా మేలని పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగారు. మన గజపతి జిల్లా అడవుల్లోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటే నేరం. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసం తూటాలు నిషేధం. సీసం తూటా జంతువు ఒంట్లో చిట్లి, కంటికి ఆనని రవ్వలుగా గాయానికి దూరంగా ఉన్న మాంసంలోకి కూడా చేరుతుంది. వేటగాళ్లు వదిలేసిన పేగులు తిని కాండోర్ రాబందులెన్నో ఆ విషానికే బలయ్యాయి. రాగి తూటా సాధారణంగా ముక్కలు కాకుండా మొన దగ్గర రేకుల్లా విచ్చుకుంటుంది, కానీ అందుకు తగినంత వేగం ఉండాలి కనుక, రైఫిలు కోసం చేసినది కాక, చేతి తుపాకీ వేగానికే రూపొందించిన, మొనలో వెడల్పాటి గుంట ఉన్న తూటానే ఎంచుకోవాలి. సీసం కంటే రాగి సాంద్రత తక్కువ కాబట్టి అదే బరువుకు తూటా పొడవవుతుంది. అందుచేత కొంత తేలికైనది తీసుకుని, తన తుపాకీతోనే గురి సరిచూసుకోవాలి.